గ్రసని

పరీక్షకి బట్టీ పట్టిన రోజుల్లో
గ్రసని అంటే నాకు పదమూడు సెంటీమీటర్లు,
ముక్కు వెనక మొదలై అన్నవాహిక అంచున ఆగే
ఒక కండరాల సంచి. రెండు మార్కులు.
మైలపల్లి కాసులమ్మ "మింగే సోటు" అంది. అంతే.

ఫిషింగ్ హార్బర్లో తెల్లారకముందే
కవళ్ళకీ కానాగంతలకీ పాట పెట్టే గొంతు ఆమెది.
ఐసు మరల మోత దాటి చివరి జెట్టీ దాకా వినబడేది.
పాట అయిపోయాక నాకోసం
నీళ్ళలోంచి పాత తాడొకటి పైకి లాగి
దాన్ని పట్టుకున్న చిమ్ముడుకాయల్ని గీకి బకెట్లో వేసేది.
"ఏటుందమ్మా ఈటిల్లో? కూరకి రావు, ఎరకి రావు."

ఒళ్ళంతా గొంతే ఉంది, కాసులమ్మా.
తోలుసంచిలో దాచుకున్న వల,
వందల చీలికలు, వాటి మీద పల్చటి జిగురు.
నీళ్ళు ఒక నోట వచ్చి ఇంకో నోట పోతాయి,
తిండి వలకి మిగులుతుంది.
పసితనంలో దీనికి తోకుండేది, వీపులో బద్దుండేది,
ఈదేది కూడా.
ఓ రోజు తాడు నచ్చి, తల ఆనించి అతుక్కుని
తోకనీ, ఉన్న కాస్త మెదడునీ తనే అరాయించుకుంది.
గొంతొకటి ఉంచుకుంది.
అమ్మ కడుపులో నాలుగో వారాన
నీ మెడ దగ్గరా నా మెడ దగ్గరా
ఈ మడతలే పడ్డాయి,
మనవి తెరుచుకోలేదు, అంతే తేడా.

నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాలుస్తూ
అంతా వింది. ముక్కులోంచి పొగ వదిలి
"అయితే నాకు సెల్లెలన్నమాట" అంది.

ముప్పై అయిదు సార్లు కరెంటు పెట్టాక
కేజీహెచ్ ఎక్స్‌రే గదిలో
తెల్లటి బేరియం గ్లాసు ఆమె చేతికిచ్చారు.
నేను అద్దం ఇవతల.
గాలీ అన్నమూ ఒకే దారిన వచ్చి
ఒకదాన్నొకటి అడ్డంగా దాటే చోటది:
సిగ్నల్ పోయిన సాయంత్రం జగదాంబ సెంటరు.
విజిలు ఊదే కానిస్టేబులు ఒక్కడే,
వాడి చేయి ఇప్పుడు పైకి లేవడం లేదు.

నల్లటి తెర మీద తెల్లటి గుటక.
రాహువుకి పొట్ట లేదు, ఉన్నదల్లా గొంతే.
అందుకే గదా మింగిన చంద్రుడు
తెగిన మెడలోంచి బయటపడతాడు.
మొదటి చంద్రుడు దిగాడు. రెండోవాడు
నాలుక మొదట్లో తచ్చాడి, దిగాడు.
మూడోవాడు దారి తప్పాడు.

దగ్గు. గది మొత్తం దగ్గు.
తల మీద తట్టాలని నా చేయి దానంతటదే లేచింది,
మధ్యలో అద్దం.
నీళ్ళు కారే కళ్ళతో, పోయిన గొంతుతో ఆమె
"ఎవులో తలుసుకుంతన్నారు" అంది.
డాక్టరు చీటీ మీద ఇంకేదో రాశాడు.

అయిదేళ్ళ నా పరిశోధన
ఆమె చేత ఒక్క మెతుకు మింగించలేదు.
ఆ పని చేసింది పద్మలోచన అనే కుర్ర థెరపిస్టు:
"గడ్డం గుండెకి ఆనించు. ఆగు. ఇప్పుడు మింగు."
పాలకోవా పలచన చేసి, గంజి చిక్కన చేసి,
తొమ్మిది వారాలు.
ముద్ద ముద్దకీ కాసులమ్మ
ఎవరికో దణ్ణం పెడుతున్నట్టుండేది.

ఆగస్టులో జెట్టీకి వచ్చింది.
పాట కోడలు పెడుతోంది, చేతిలో బ్యాటరీ మైకు.
ధర తప్పు పలికినప్పుడల్లా
కాసులమ్మ పెదాలు కదిలాయి.
లైట్‌హౌసు ఇంకా ఆర్పలేదు.
తనే వంగి తాడు లాగింది, ఒక కాయ తుంచింది,
కాస్త గట్టిగా నొక్కినట్టుంది,
అది నా కళ్ళద్దాల మీద సముద్రం చిమ్మింది.

గాలే ఎక్కువ, మాట తక్కువ ఆ గొంతులో:
"దానికీ పొలమారిందే!"
దీన్నెవరు తలుచుకుంటారు, అన్నాను
అద్దాలు తుడుచుకుంటూ.

"నువ్వు గాదేటి" అంది.